ఒకే పద్దు కింద రైలు, బస్సు, విమానం
(సర్ అక్బర్ హైదరీ జీవిత విశేషాలు)

మన తార్నాక ప్రాంతంలో ఇళ్లు కట్టుకుని స్థిరపడిన విశ్రాంత ఉద్యోగుల్లో మూడు రకాల వారు ఎక్కువగా కనిపిస్తారు. యూనివర్సిటీ వారు, రైల్వే వారు, ఆర్.టి.సి. వారు. పార్కులో బెంచీల మీద కూడా ఇంచుమించు ఇదే వరుసలో కూర్చుంటారని సరదాగా అంటుంటారు. ఈ మూడు సంస్థల చరిత్రలోనూ ఒకే మనిషి సంతకం ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఉస్మానియా అనగానే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు చెబుతాం, అది న్యాయమే. ఆయన ముందుకు ఆ ప్రతిపాదన కాగితం తీసుకువెళ్లిన అధికారి సర్ అక్బర్ హైదరీ. లండను కంపెనీ చేతిలోని రైల్వేను సర్కారుకు తెచ్చిందీ ఆయనే. ఆ రైల్వే కింద బస్సులు నడపడం మొదలైందీ ఆయన హయాంలోనే.

రేపటి ప్రయాణం ఎలా ఉంటుందని ఊహించిన వాళ్లు ప్రతి తరంలోనూ ఉన్నారు. 1900 ప్రాంతంలో ఫ్రాన్సు చిత్రకారులు 2000 సంవత్సరం ఎలా ఉంటుందో బొమ్మలు గీశారు. వాటిలో మంటలార్పే సిబ్బందికి రెక్కలున్నాయి, ఆకాశంలో టాక్సీలున్నాయి. మన కోస్తాలో ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ ఊహ మరోలా ఉండేది. ఈ దేశానికి రైళ్లకన్నా కాలువల్లో నడిచే పడవలే చవకైన రవాణా అని ఆయన జీవితమంతా వాదించారు. రెక్కలు గీసినవారూ పడవలు కోరినవారూ ఆలోచించింది వాహనం గురించి. హైదరీ గారు ఆలోచించింది వాహనాల లెక్క ఎవరి చేతిలో ఉండాలన్న విషయం. వినడానికి చప్పగా ఉంటుంది. ఆఫీసుల్లో ముప్ఫయ్యేళ్లు పద్దులు చూసిన మనబోటి వారికైనా ఇందులోని లోతు తెలుస్తుందని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మహమ్మద్ అక్బర్ నజర్ అలీ హైదరీ 1869 నవంబరు 8న బొంబాయిలో జన్మించారు. సులేమానీ బోహ్రా వర్తక కుటుంబం. కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన బద్రుద్దీన్ త్యాబ్జీ కుటుంబంతో బంధుత్వం ఉంది. సెయింట్ జేవియర్స్ కాలేజీలో చదివి, 1888లో ఇంకా ఇరవయ్యేళ్లు నిండకుండానే భారత ప్రభుత్వ ఆర్థిక శాఖలో చేరారు. తర్వాత పదిహేడేళ్లు ఊరూరా బదిలీలు. ఆడిట్ ఉద్యోగికి బదిలీ అంటే ఏమిటో మనకు చెప్పనక్కరలేదు. ఒక ఊళ్లో పాత ఫైళ్లు అర్థమయ్యేలోపు ఇంకో ఊరి ఉత్తర్వు వస్తుంది. అయితే ఈ తిరుగుడువల్ల దేశంలో రైల్వేలు, కాలువలు, సర్కారు అప్పులు ఎక్కడ ఎలా నడుస్తున్నాయో లోపలినుంచి చూసే అవకాశం ఆయనకు దొరికింది.

1905లో నిజాం ప్రభుత్వం ఆయనను అకౌంటెంట్ జనరల్‌గా అరువు తెచ్చుకుంది. ఇప్పటి మాటలో డిప్యుటేషన్. వచ్చిన మూడేళ్లకే, 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచింది. శ్రీమతి అమీనా హైదరీ గారు బాధితుల సహాయ కార్యక్రమాల్లో ముందుండి పనిచేశారు. ఆ తర్వాత హైదరీ గారు ఆర్థిక శాఖ కార్యదర్శి, 1911లో హోం శాఖ కార్యదర్శి అయ్యారు. అప్పట్లో విద్యాశాఖ హోం శాఖ కిందే ఉండేది. ఒక చిన్న హెచ్చరిక: 1947లో అస్సాం గవర్నరైన సర్ అక్బర్ హైదరీ ఈయన కాదు, ఈయన కుమారుడు. పేరు ఒకటే కావడంతో కొన్ని పుస్తకాల్లో కూడా తికమక కనిపిస్తుంది.

1917లో ఆయన నిజాంకు సమర్పించిన ఒక నివేదికే ఉస్మానియాకు బీజం. అప్పటిదాకా రాష్ట్రంలో పై చదువు అంటే మద్రాసు యూనివర్సిటీ పరీక్షలు, ఇంగ్లీషులో. దేశభాషలోనే ఉన్నత విద్య నేర్పాలని, ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశంగా మాత్రం ఉండాలని ఆ నివేదిక సారాంశం. ఆ ఏడాది ఏప్రిల్ 26న ఫర్మానా వచ్చింది. పాఠ్యపుస్తకాలు లేవు గనుక అనువాద సంస్థను ముందుగా పెట్టారు. భౌతికశాస్త్రం, న్యాయశాస్త్రం, చివరికి ఇంజనీరింగు, వైద్యం కూడా ఉర్దూలోకి తెచ్చారు. 1919 ఆగస్టు 28న తరగతులు మొదలైనప్పుడు 225 మంది విద్యార్థులు, 25 మంది అధ్యాపకులు. ఇప్పటి క్యాంపస్ కాదు, గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని భవనాల్లో.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆయన దేశభాషగా ఎంచుకున్న ఉర్దూ సర్కారు భాష. రాష్ట్రంలో ఎక్కువమంది ఇళ్లలో తెలుగు మాట్లాడేవారు, ఆ తర్వాత మరాఠీ, కన్నడం. ఉస్మానియాలో తెలుగు శాఖ మొదటినుంచీ ఉంది, రాయప్రోలు సుబ్బారావు గారు అక్కడే పనిచేశారు. కానీ వరంగల్లు నుంచో నల్లగొండ నుంచో వచ్చిన తెలుగు కుర్రవాడికి ఉర్దూలో గణితం నేర్చుకోవడం ఇంగ్లీషులో నేర్చుకోవడం కన్నా ఏమంత తేలిక కాదు. సూత్రం గొప్పది, దాన్ని అమలు పరిచినప్పుడు జనంలో సగానికి పైగా బయటే మిగిలారు. హైదరీ గారిని పొగిడే వ్యాసాలు ఈ భాగాన్ని దాటవేస్తుంటాయి.

రైల్వే కథకు కొంచెం వెనక్కి వెళ్లాలి. వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది 1874లో. సాలార్‌జంగు కాలం అది. 1883లో దాన్ని లండనులో పెట్టిన కంపెనీకి అప్పగించి, బెజవాడ వైపు, చాందా వైపు పొడిగించే పథకం వేశారు. కంపెనీ పెట్టుబడి మీద నిర్ణీత కాలం దాకా వడ్డీకి నిజాం సర్కారు పూచీ. లాభం సరిపోకపోతే ఖజానా నుంచి కట్టాలి. పూచీ ఉంది గనుకనే ఆ రైల్వే పేరులో గ్యారంటీడ్ అన్న మాట చేరింది. ఇది రాష్ట్రానికి నష్టమని నగరంలో కొందరు విద్యావంతులు సభలు పెట్టారు, వివరాలు బయటపెట్టమన్నారు. వారిలో ముఖ్యుడు, సరోజినీ నాయుడు తండ్రి, డాక్టరు అఘోరనాథ ఛటోపాధ్యాయ. ఆయనను రాష్ట్రం నుంచి పంపించివేశారు, కొంతకాలం తర్వాత తిరిగి రానిచ్చారు. రైలును చూసి పల్లె జనం దయ్యమనుకున్నారని కథలు చెబుతాం గానీ, రైలు వెంట రాబోయే అప్పును చూసి భయపడినవాళ్లు ఈ నగరంలో ఉన్నారు. నా ఉద్దేశంలో వారే సరిగ్గా ఊహించారు.

రైలు 1889లో బెజవాడ చేరింది. మన్మాడు వైపు మీటరుగేజి లైను శతాబ్దం తిరిగేసరికి పూర్తయింది. 1916లో కాచిగూడ స్టేషను వచ్చింది. లాలాగూడ వర్క్‌షాపు అప్పటికే పనిచేస్తోంది. అంతా బాగానే ఉంది, కానీ ఎక్కడ లైను వేయాలి, ఎంత ఛార్జి వసూలు చేయాలి అన్నది లండనులో కూర్చున్న డైరెక్టర్లు నిర్ణయించేవారు.

1920లో హైదరీ గారు బొంబాయి అకౌంటెంట్ జనరల్‌గా తిరిగి వెళ్లారు. మరుసటి ఏడాదే నిజాం ఆయనను ఆర్థిక మంత్రిగా పిలిపించారు. రైల్వే వ్యవహారాలు కూడా ఆ పదవితోనే వచ్చాయి. ఆయన మొదట చేసిన పని బడ్జెట్ పద్ధతి మార్చడం. శాఖకింత అని కొన్నేళ్లకు ఒకేసారి కేటాయించి, పొదుపు చేసిన సొమ్మును శాఖ దగ్గరే ఉంచుకోనిచ్చారు. మార్చి నెలాఖరుకు మురిగిపోతుందని ఆదరాబాదరాగా ఖర్చుపెట్టడం ఎరిగిన మనకు దీని విలువ చెప్పాలా! కరువు వస్తే వాడుకోవడానికి ఒక నిధి, 1929లో పరిశ్రమల కోసం మరో నిధి ఏర్పడ్డాయి. దాచిన సొమ్ము ఉంది గనుక లండను కంపెనీతో బేరమాడే ధైర్యం వచ్చింది. ఈలోగా కాజీపేట – బల్హార్షా లైను పూర్తయి, 1929 నాటికి మద్రాసు – ఢిల్లీ నేరుదారి మన రాష్ట్రం మీదుగా పడింది. రైల్వే విలువ పెరిగిన సమయం అది.

1930 ఏప్రిల్ 1న రైల్వే సర్కారు స్వాధీనమైంది. గ్యారంటీడ్ అన్న మాట పోయి నిజాం స్టేట్ రైల్వే అయింది. అదే ఏడాది చివర లండనులో రౌండ్ టేబుల్ సమావేశానికి హైదరాబాదు ప్రతినిధి వర్గ నాయకుడిగా వెళ్లారు. అక్కడి రాజకీయాలు మరో వ్యాసానికి సరిపోతాయి, ఇక్కడ వద్దు.

రైల్వే చేతికి వచ్చిందో లేదో, దానికి పోటీ వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత లారీలు, బస్సులు దేశమంతా పెరిగాయి. ఒక్క బండి కొనుక్కున్నవాడు రైలు పట్టాల పక్క రోడ్డు మీదే నడిపేవాడు. జనం ఉన్నది అక్కడే గదా. పట్టాల ఖర్చు రైల్వేది, ప్రయాణికులు బస్సువాడివి. రైలు లేని తాలూకాలకు మాత్రం బస్సూ వెళ్లేది కాదు. బ్రిటిషు ఇండియాలో ఈ తగవు మీద మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులు విచారణ జరిపారు, 1933లో సిమ్లాలో పెద్ద సమావేశమైంది. చివరకు 1939లో మోటారు వాహనాల చట్టం వచ్చింది.

హైదరాబాదు అంతదాకా ఆగలేదు. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వేలోనే రోడ్డు రవాణా శాఖను తెరిచారు. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. బస్సులు స్కాట్లాండులో తయారైన ఆల్బియన్ కంపెనీవి. రైల్వే, రోడ్డు ఒకే యజమానివైనప్పుడు వాటి మధ్య పోటీకి అర్థం లేదు. రైలు పోయే దారిలో రైలు, పోలేని చోటికి బస్సు. బస్సు జనాన్ని స్టేషనుకు తెచ్చి దింపుతుంది. లాభమొచ్చే రూటు ఆదాయం లాభం రాని రూటును మోస్తుంది. రెండు చేతుల్లో రెండు పద్దులుంటే ప్రతివాడూ ఎదుటివాడి గల్లాపెట్టె వంక చూస్తాడు. ఒకే పద్దు అయితే ప్రయాణికుడి వంక చూడక తప్పదు. కండక్టరు ఎస్.ఆర్. షీటు మొదలుకొని డిపో లెక్కల దాకా ఈ సూత్రం మీదే మనలో కొందరు జీవితమంతా పనిచేశారు, దాని మూలం ఎవరిదో తెలియకుండానే. రైల్వేను, రోడ్డును ఇలా ఒకే యాజమాన్యం కిందకు తేవడం ఆ రోజుల్లో దేశంలో అరుదు. ప్రభుత్వమే బస్సులు నడపడం అంతకన్నా అరుదు.

దీనికి మూల్యం చెల్లించినవారూ ఉన్నారు. అప్పు చేసి ఒకటో రెండో బస్సులు కొనుక్కున్న ప్రయివేటు యజమానులు క్రమంగా రూట్లు కోల్పోయారు. పోటీ లేకపోవడంతో ఛార్జీ ఎంత అన్నది శాఖ చెప్పిందే మాట. ఇవి అప్పుడూ వాదనలే, ఇప్పుడూ వాదనలే.

అదే 1932లో, అక్టోబరు 15న, జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం నడిపారు. బొంబాయి నుంచి అది బళ్లారి మీదుగా మద్రాసు వెళ్లింది. తర్వాత బళ్లారి మజిలీ స్థానంలో హైదరాబాదు వచ్చింది. బేగంపేటలో విమానాశ్రయం, ఏరో క్లబ్బు ఆ దశాబ్దంలోనే పెరిగాయి. విమానయానం కూడా రైల్వే యంత్రాంగంతోనే ముడిపెట్టాలన్న ఆలోచన అప్పటినుంచి బలపడింది. 1945లో నిజాం స్టేట్ రైల్వే, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ ప్రారంభించే నాటికి హైదరీ గారు లేరు. అయినా ఆయన గీసిన గీత అది. రైలు, బస్సు, విమానం మూడింటికీ ఒకే ఇంటిపేరు.

ఇక మన క్యాంపస్. ఊరికి దూరంగా, అడిక్‌మెట్ రాళ్ల గుట్టల మధ్య వేయి ఎకరాలకు పైబడిన స్థలం. స్థలాల పరిశీలన చేసి 1923లో నివేదిక ఇచ్చినవాడు పాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లాండు పట్టణ ప్రణాళికా నిపుణుడు. భవనాల రూపకల్పన బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్‌ది, తర్వాత నిర్మాణం చూసినవారు నవాబు జైన్ యార్ జంగ్. 1934 జూలై 5న శంకుస్థాపన, 1939 డిసెంబరు 4న ఆర్ట్స్ కాలేజీ ప్రారంభం. పల్లెటూళ్ల నుంచి వచ్చే పిల్లలకు హాస్టళ్లు, పక్కనే సికింద్రాబాదు – కాచిగూడ మీటరుగేజి లైను. నగరం ఇటువైపు వస్తుందని, రోడ్డూ రైలూ ఇక్కడికి చేరతాయని లెక్క వేసుకోకుండా ఇంత దూరం వచ్చి కట్టరు. తార్నాక అప్పట్లో నిజంగా నాకాయే. తీగ కంచె ఉన్న నాకా గనుక తార్ నాకా అయిందని పాతవారు చెప్పేవారు.

అదే 1939లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో జనరల్ మోటార్స్ వారు 1960 నాటి అమెరికాను బొమ్మకొలువులా పేర్చి చూపించారు. వెడల్పాటి రోడ్లు, ఇంటింటికీ కారు. దాని రూపశిల్పి పేరూ గెడ్డెసే, నార్మన్ బెల్ గెడ్డెస్. మన గెడ్డెస్‌కు ఏమీ కాడు. అమెరికా ఊహ చాలావరకు నిజమైంది. ఇంటికో కారు ఊహ తార్నాక వీధుల్లోకి కూడా వచ్చింది, సాయంత్రం ఆరింటికి రోడ్డు దాటబోయే పెద్దవారిని అడగండి.

హైదరీ గారు 1937లో మహారాజా కిషన్ పర్షాద్ తర్వాత ప్రధానమంత్రి అయ్యారు. ఆయన జీవితంలో మచ్చ పడిన కాలం కూడా అదే. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును పుట్టకముందే నిషేధించారు. ఆ చలికాలంలో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు వందలమంది విద్యార్థులను బయటికి పంపారు. వారిలో చాలామంది నాగపూరు వెళ్లి చదువుకున్నారు. తర్వాత దేశ ప్రధాని అయిన పి.వి. నరసింహారావు గారు వారిలో ఒకరు. దేశభాషలో చదువు కావాలని 1917లో కాగితం రాసిన చేయి, పాట పాడిన పిల్లలను ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత కాపాడలేకపోయింది. ఎక్కడికైనా వెళ్లే దారులు వేశారు గానీ, మనుషులు తాము అనుకున్న చోటికి నడిస్తే ఆ ప్రభుత్వం ఓర్వలేదు. నేరం ఒక్కరిదే అనలేం. అధికారం ఆయన చేతిలో ఉన్నదన్నది కాదనలేం.

ఆయనలో మరో కోణం కూడా ఉంది. అజంతా చిత్రాలు రాలిపోతుంటే ఇటలీ నుంచి నిపుణులను రప్పించి బాగు చేయించిన ప్రభుత్వంలో ఆయన పాత్ర పెద్దది. పుదుచ్చేరిలో శ్రీ అరవిందుల దర్శనానికి వెళ్లేవారు. ఆశ్రమంలో వసతి గృహం కట్టడానికి నిజాం ప్రభుత్వం నుంచి లక్ష రూపాయలు ఇప్పించారు. మన గోలకొండ పేరుమీదనే దానికి గోల్కొండ్ అని పేరు పెట్టారు.

1941లో హైదరాబాదు పదవి వదిలి వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో చేరారు. ఆ పదవిలో ఉండగానే 1942 జనవరిలో కన్నుమూశారు. డెబ్బై రెండేళ్లు.

ఆయన ఒకటి చేసిన పద్దు ఆ తర్వాత పదేళ్లకే విడిపోయింది. 1948 పోలీసు చర్య తర్వాత, 1950 ఏప్రిల్ 1న రైల్వే కేంద్రానికి వెళ్లింది. 1951 నవంబరు 1న బస్సుల శాఖ రాష్ట్ర ప్రభుత్వానికి వచ్చింది. నాలుగు రోజులకు, నవంబరు 5న, రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1953లో డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైంది. ఇవి దేశమంతటికీ వర్తించిన నిర్ణయాలు, తప్పని అనడం కష్టం. ఒక సంస్థానం రైల్వేను దేశం రైల్వేతో కలపకుండా ఎలా ఉంటారు? కాకపోతే కలిపేటప్పుడు బస్సును రైలు నుంచి విడదీస్తున్నామని పట్టించుకున్నవారు తక్కువ. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్.టి.సి. ఏర్పడింది, 1966లో దక్షిణ మధ్య రైల్వే, ఆ తర్వాత రాష్ట్ర విభజనతో తెలంగాణ ఆర్.టి.సి. 1932 నాటి బస్సుల గుర్తు ఒకటి మాత్రం చాలాకాలం నిలిచింది. ఆర్.టి.సి. బస్సు నంబరులో కనిపించే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరుమీద వచ్చిందని పాత ఉద్యోగులు చెప్పుకునేవారు.

విడిపోయిన వాటిని మళ్లీ దగ్గరకు తెచ్చే ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి. 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు తర్వాత మన క్యాంపస్ పక్క లైనుకీ వచ్చాయి. పాత మీటరుగేజి పట్టాలు 1990లలోనే బ్రాడుగేజి అయ్యాయి. 2017 నవంబరులో నాగోలు – అమీర్‌పేట మెట్రో ప్రారంభమై తార్నాకలో స్టేషను వచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవారికి బస్సుల్లో ఉచిత ప్రయాణం. కండక్టరు వారికి కూడా జీరో టికెట్ కొట్టి ఇస్తాడు, ప్రభుత్వం నుంచి సొమ్ము రాబట్టాలంటే లెక్క ఉండాలి గదా. హైదరీ గారు చూస్తే ఆ టికెట్టును తప్పకుండా మెచ్చుకునేవారు. మెట్రో దిగి బస్సెక్కాలంటే మాత్రం ఇంకో టికెట్టు, బస్సు దిగి రైలెక్కాలంటే మరొకటి. అన్నింటికీ ఒకే కార్డు అన్న మాట కొన్నేళ్లుగా వింటున్నాం.

మన సభ్యుల్లో రైల్వే వారు మందుల కోసం లాలాగూడ ఆసుపత్రికి వెళతారు, ఆర్.టి.సి. వారు తార్నాక ఆసుపత్రికి వస్తారు. రెండింటికీ మధ్య ఉన్నది నడిచిపోయే దూరమే. 1932 జూన్‌లో చేరిన ఆ 166 మందికి జీతం ఇచ్చింది రైల్వే ఖజానాయే.